ముందుమనిషి చోట చక్రం

మట్టిగుంట నుంచి పెంకుల అచ్చుల షెడ్డు దాకా నూట నలభై అడుగుల చెక్కబాట. వెడల్పు జానెడున్నర. ఆ బాట మీద మట్టి నింపిన ఒంటిచక్రం బండిని మధ్యలో ఎక్కడా దించకుండా, ఒక్క ముద్దయినా జారనివ్వకుండా తోసుకెళ్లిన మొదటి ఆడమనిషి ఆమె. అప్పటికి పంతొమ్మిదేళ్లది. అంతకుముందు పదకొండుసార్లు బండితో సహా బాట పక్కన బురదలో పడింది. ఎడమ మోకాలి మీద మచ్చ ఇప్పటికీ ఉంది. అడిగినవాళ్లకే కాదు, అడగనివాళ్లకూ చూపిస్తుంది. పన్నెండోసారి బండి షెడ్డు గడప దాటినప్పుడు, ఆడవాళ్లకు గంపలు, మగవాళ్లకు బండ్లు అని గిరి గీసి కూర్చున్న పెద్దమేస్త్రి తలెత్తి చూసి "ఊఁ" అన్నాడు. అంతే. ఆ ఒక్క "ఊఁ"తో పెంకుల కార్ఖానాలో ఆడవాళ్ల బండి వరస మొదలయింది.

సాధించినవి చెప్పుకోవడానికి మనిషి మొహమాటపడకూడదు. ఆమె అసలే పడదు. ఒక్క పగటిలో అరవై రెండు బండ్ల మట్టి చేర్చింది; మగవాళ్లలో కూడా ఆ సంఖ్యను ఇంతవరకూ ఎవరూ దాటలేదు. వాన పడ్డప్పుడు చెక్కల మీద పెంకుపొడి చల్లితే కాలు జారదని కనిపెట్టింది ఆమే. గుంట దగ్గర తాగే నీళ్లకు కొళాయి వేయించింది ఆమే. ముప్పై నాలుగుమందికి బండి నేర్పింది. వాళ్లలో ఒక్కరూ పదకొండుసార్లు పడలేదు, ఎక్కువలో ఎక్కువ నాలుగుసార్లు. "నేర్పే మనిషి ఉంటే అట్లాగే ఉంటుంది మరి" అంటుంది. ఊరి బడిలో అయిదు తరగతులే చదివినా అక్షరాలు గుండ్రంగా, ఆరబోసిన పెంకుల్లా వరసగా ఉంటాయి. అందుకే కార్ఖానాలో ఎవరికి అర్జీ కావాలన్నా ఆమె గుమ్మం ముందే నిలబడతారు.

అందరికీ ఆమె పిన్ని. ఆమె కంటే రెండేళ్లు పెద్దవాడైన గేటు కాపలాదారు కూడా "పిన్నీ" అనే పిలుస్తాడు. ఇప్పుడామెకు యాభై ఎనిమిది.

యాభై రెండో ఏట ఆమె ఇంకో పని తలకెత్తుకుంది. చెక్కబండ్లు పాతబడ్డాయి, పీచులు లేచి అరచేతుల్లో గుచ్చుకుంటున్నాయి, ఇనపబండ్లు కావాలి అని అర్జీలు పెట్టడం మొదలుపెట్టింది. అయిదేళ్లు పెట్టింది. ఆఫీసు గుమస్తా ఆమెను దూరం నుంచి చూసి సొరుగు తెరిచి కాగితాల్లోకి దూరేవాడు. చివరికి మొన్న ఏప్రిల్లో లారీ నిండా ఇనపబండ్లు దిగాయి. ఆకుపచ్చ రంగు, గాలి టైరు, చేతులకు నల్ల రబ్బరు తొడుగులు. మేనేజరుగారు ఆమె చేత మొదటి బండి పట్టించి ఫొటో తీయించారు. పాత చెక్కబండ్లు పదమూడింటినీ ఆ సాయంత్రమే ముక్కలు చేసి బట్టీలో వేశారు. అవి మండుతుంటే ఆమె చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లు తలచుకుంటే ఇప్పుడు అరచేతులు మండుతాయి.

ఎందుకంటే, కొత్తబండ్లు చూపుకి బాగున్నాయే గాని తోపుకి బాగాలేవు. ఎత్తితే మణికట్లు ఊడిపోతున్నట్టుండేది. గుంట దగ్గర తొమ్మిదిమంది ఆడవాళ్లు. జూన్‌లో ఇద్దరికి చేతులు వాచాయి, ఆగస్టుకి అయిదుగురికి. రోజుకి నలభై బండ్లు తోసేవాళ్లు పాతికకు పడిపోయారు. పిన్ని కూడా ముప్పై దాటలేకపోయింది. వయసు మీద పడిందనుకుని పళ్లు బిగించి తోసింది. ఇరుసులో నూనె వేసి చూసింది. టైర్లో గాలి తగ్గించి చూసింది, పెంచి చూసింది. ఏదీ పనిచేయలేదు.

నవంబరు మూడో తేదీన గేటు పక్కన నోటీసు అంటించారు. డిసెంబరు ఒకటో తేదీ నుంచి మట్టిబండ్లు మగవాళ్లకు, ఆడవాళ్లు మళ్లీ తలగంపలకు.

ఆమె నోటీసు రెండుసార్లు చదివి నేరుగా సూపర్‌వైజరు గదికి వెళ్లింది. ముప్పై ఏళ్లు నిండని కుర్రవాడు, ఇస్త్రీ చొక్కా, బల్ల మీద బండ్ల కంపెనీ వాళ్ల రంగుల పుస్తకం.

"బండ్లలో ఏదో లోపం ఉంది బాబూ" అంది.

"లోపమా? పిన్నిగారూ, అర్జీలు పెట్టింది మీరు. ఫొటోలో బండి పట్టుకుని పళ్లికిలించింది మీరు."

"అవును, నేనే. అందుకే చెబుతున్నా. బరువంతా చేతుల మీదికొస్తోంది."

"మరి పంతొమ్మిదేళ్లప్పుడు మీరు మొద్దు చెక్కబండి తోశారుగా? మోకాలి మచ్చతో సహా రోజూ చెబుతారుగా? అప్పుడు లేని నొప్పి వీళ్లకు ఇప్పుడెందుకొచ్చింది? ఒళ్లు వంగక."

ఆమె గొప్పే ఆమె నోటికి తాళం వేసింది.

"ఇంకో మాట" అన్నాడతను, పుస్తకం మీద వేలితో కొడుతూ. "ఇన్నాళ్లూ మీరు తోసినవి ఏవో ఒంటిచక్రం బండ్లు. ఇది వీల్‌బ్యారో. ప్రపంచమంతా ఇట్లాగే చేస్తారు. ముందు ఆ మాటేమిటో నేర్చుకోండి, తరవాత లోపాలు వెతకొచ్చు."

గదిలోంచి బయటికొచ్చేసరికి చెవులు కూడా ఎర్రబడ్డాయి. ఎవరైనా ఆమెను పనికిరాదంటే ఓర్చుకుంటుందేమో గాని, నేర్చుకోలేదంటే ఓర్చుకోదు.

ఆ సాయంత్రం మట్టికాళ్లతోనే అక్క కూతురింటికి వెళ్లింది. ఆ అమ్మాయి హైస్కూల్లో ఇంగ్లీషు పంతులమ్మ. కుంటికాలి బల్ల మీద పరీక్ష పేపర్లు దిద్దుకుంటోంది.

"పిన్నీ, అక్కడే ఆగు! ఇప్పుడే తుడిచాను."

"తుడిచిన నేల మళ్లీ తుడుచుకోవచ్చు. వీల్‌బ్యారో అంటే ఏంటో చెప్పు."

"ఒంటిచక్రం బండి. నువ్వు రోజూ తోసేదే."

"అది నాకూ తెలుసులేవే. ఆ మాటెక్కడిదో చెప్పు. ఆ ఇస్త్రీ చొక్కావాడి ముందు నేను తలెత్తుకోవాలి."

పంతులమ్మ నవ్వి, వీపు ఊడిపోయి రిబ్బను కట్టి ఉన్న లావు నిఘంటువు దించింది. వేలితో వెతికింది. "వీల్ అంటే చక్రం. బ్యారో అనేది చాలా పాతమాట పిన్నీ. మోయడం అనే మాటలోంచి పుట్టిందని రాశాడు. అసలు దానికి చక్రమే లేదు. రెండు కర్రల మధ్య చట్రం. ముందొకరు, వెనకొకరు పట్టుకుని మోసేది. అదీ బ్యారో అంటే. చక్రం తరవాతెప్పుడో వచ్చింది. వచ్చాక దాన్ని పేరుకి ముందు తగిలించారు."

"వెనకొచ్చి ముందు సీట్లో కూర్చుందన్నమాట."

"అంతే. ఇదిగో బొమ్మ కూడా ఉంది. ఇది పాత చట్రం. దీంట్లో చూడు, ముందు మనిషి లేడు, ఆ చోట చక్రం."

పిన్ని పుస్తకం తన వైపు లాక్కుంది. ఆమెకా చట్రం తెలుసు. పదిహేడేళ్లప్పుడు విరిగిన పెంకులు మోసింది దాని మీదే. వాళ్లు మోతబల్ల అనేవాళ్లు. ముందు ఆమె వదిన, వెనక ఆమె. వదిన మహా మాటకారి, నడుస్తూ తల తిప్పి కబుర్లు చెప్పేది. ఆమె తల తిప్పినప్పుడల్లా బల్ల ఊగి బరువు ఇటు ఒరిగేది. బల్ల మీద ఎంత వేస్తే అందులో సగం వదిన చేతుల్లో, సగం తన చేతుల్లో.

ఆమె తొడ మీద ఫెడీమని చరిచింది. పేపర్లు ఎగిరిపడ్డాయి.

"ఏమైంది పిన్నీ?"

"మా వదినని తీసేసి చక్రం పెట్టారే! సరిగ్గా ఆవిడ నిలబడ్డచోటే పెట్టారు! ఆవిడ సగం చక్రానికిచ్చి, నా సగం నాకట్లాగే ఉంచేశారు. చక్రానికి చేతులు నొప్పెడతాయా? ముందెక్కడో తగలేసే బదులు, మట్టి కిందికి జరిపితే నా సగంలో కూడా చాలా అదే మోసేది గదా!"

పంతులమ్మ కాసేపు బొమ్మ చూసి, "నిజమే" అంది. తరవాత మెల్లగా, "మరి మీ పాత బండ్లకు చక్రం ఎక్కడుండేది?" అంది.

పిన్ని ముప్పై తొమ్మిదేళ్లు తోసింది. కళ్లు మూసుకుంటే చేతిపిడి మీది పగుళ్లు కూడా గుర్తొస్తాయి. చక్రం మాత్రం తొట్టి కింద ఎక్కడో ఉండేది. తోసేటప్పుడు కనపడేది కాదు. కనపడేది కాదంటే, ముందుకు లేదన్నమాట. కొలుద్దామంటే ఒక్క బండీ లేదు. పదమూడూ బూడిద. తనే చప్పట్లు కొట్టింది.

ఇంటికెళ్లి భర్తని అడిగింది. ఆయన అదే కార్ఖానాలో అచ్చులు నునుపు చేసే పనివాడు. నోట్లో నాలుక లేని మనిషి. అరిగిపోయిన ఉప్పుకాగితం ముక్కతో కిటికీ చెక్క రుద్దుకుంటున్నాడు.

"పాత బండ్లకి చక్రం లోపలికుండేదా? ఎవరు పెట్టారట్లా?"

ఆయన రుద్దడం ఆపలేదు.

"మిమ్మల్నే."

"వడ్రంగి తాత పెట్టాడు."

"ఎప్పుడు?"

"నువ్వు పదకొండోసారి పడ్డ రోజు." ఉప్పుకాగితం పక్కన పెట్టాడు. "ఆ సాయంత్రం నేను షెడ్డులోనే ఉన్నా. తాత నీ బండి తిరగేసి ఇరుసు విప్పాడు. జానెడున్నర వెనక్కి జరిపి బిగించాడు. 'ఈ పిల్ల రేపు పడదు. దానికి చెప్పమాక, తన కష్టంతోనే గెలిచాననుకోనీ' అన్నాడు. తరవాత బండ్లన్నీ అట్లాగే చేశాడు."

"ముప్పై తొమ్మిదేళ్లు చెప్పలేదా మీరు!"

"నువ్వు మచ్చ చూపించినప్పుడల్లా చెబుదామనుకున్నా. నీ మొహం చూసి ఊరుకున్నా."

ఆమె రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. కంచం నేలకు కొట్టినట్టు పెట్టింది. పనిలో ఎవరు పలకరించినా కరిచినట్టు మాట్లాడింది. ఎవరి మీద కోపమో ఆమెకే తేలలేదు. చనిపోయిన వడ్రంగి మీద కోపం తెచ్చుకుని ఏం చేస్తుంది? అయినా తెచ్చుకుంది. ముప్పై నాలుగుమందికి తను నేర్పానని చెప్పుకున్న పనిలో సగం చక్రం నేర్పిందన్నమాట. అరవై రెండు బండ్లలో ఎన్ని తనవి, ఎన్ని ఆ జానెడున్నరవి?

మూడో రోజు గుంట దగ్గర, అందరికంటే చిన్నది ఒకామె బండి దించి, ముంజేతులు నీళ్లలో పెట్టుకుని కూర్చుంది. "గంపలే నయమేమో పిన్నీ. తల నొప్పి పుడితే పడుకోవచ్చు, చేతులు పోతే జుట్టెట్లా దువ్వుకుంటాం?" అంది. నవ్వించడానికే అంది గాని ఎవరూ నవ్వలేదు. ఆ ఎనిమిది జతల చేతులూ చూశాక పిన్నికి కోపం దేని మీద పెట్టుకోవాలో తెలిసింది.

ఆ రోజే ఒక చోట వంగిపోయి మూల పడేసిన ఇనపబండిని గేటు కాపలాదారుని అడిగి తీసుకుని మరిది దుకాణానికి తోసుకెళ్లింది. మరిదిది రోడ్డు పక్కన వెల్డింగు దుకాణం.

"ఏం వదినా, నాకు బహుమానమా?"

"ఇరుసు కోసి జానెడున్నర వెనక్కి అతికించు."

"కొత్తబండి కోయమంటావా? దీని టైరు నా స్కూటర్ టైరు కంటే బాగుంది!"

"బాగుంటే నువ్వెక్కి తిరుగు. ముందు కోయి."

కోశాడు. మొదటిసారి చక్రం తొట్టి అడుగుకి రాసుకుని తిరగలేదు. కాళ్లు పొడిగించి తొట్టి ఎత్తు పెంచాడు. రెండోసారి కొలత తప్పి మరీ వెనక్కి పోయింది. మట్టి వేసి ఎత్తగానే బండి ముక్కు మీద బోర్లాపడి మట్టంతా మరిది చెప్పుల మీదికొచ్చింది. "వదినా, ఇది బండా, మొండి గాడిదా?" అన్నాడు. ఆమె నవ్వలేదు. మళ్లీ కోయించింది. మూడోసారి ఆమె తన జానతో కొలిచింది, మరిది జానతో కాదు. తాత చిన్న చేతుల మనిషని అప్పుడు గుర్తొచ్చింది.

ఈసారి బండి నిలబడింది. రెండు చేతులా ఎత్తింది. ముంజేతుల్లో పాత తేలిక ఒక్కసారిగా తిరిగొచ్చింది. దుకాణం ముందు రెండు చుట్లు తోసి, బండి దించి, అటు తిరిగి ముక్కు చీదుకుంది. "మంట పొగ" అంది.

మర్నాడు పెంకులు కట్టే షెడ్డులో కాటా దగ్గర రెండు బండ్లూ నిలబెట్టింది. రెండింట్లోనూ ఎనభై కిలోల మట్టి. చక్రం నేల మీద, చేతిపిడులు కాటా మీద. కొత్తబండి ముప్పై ఎనిమిది కిలోలు చూపించింది. మార్చినది ఇరవై. గుంట ఆడవాళ్లంతా కాటా ముల్లు చుట్టూ మూగారు. పిన్ని ఆ రెండు అంకెలూ గుండ్రటి అక్షరాలతో కాగితం మీద రాసుకుంది.

ఆ కాగితంతో ఆఫీసు చుట్టూ కాళ్లరిగేలా తిరిగింది. మొదటి రోజు సూపర్‌వైజరు, "నిఘంటువు చూసి బండి కోశారా? రేపు వంటపుస్తకం చూసి బట్టీ కడతారేమో" అని వెటకారం చేశాడు. రెండో రోజు కార్ఖానా ఆస్తి కోసినందుకు సంజాయిషీ రాయమన్నాడు. రాసింది, మూడు పేజీలు. మూడో రోజు మేనేజరుగారు లేరన్నారు. ఆయన చెప్పులు గది బయటే ఉన్నాయి. ఆమె ఆ చెప్పుల పక్కనే కూర్చుంది. మధ్యాహ్నం రెండింటికి తలుపు తెరుచుకుంది.

మేనేజరుగారు కాగితం చూశారు, ఆమెను చూశారు. "లెక్క బాగానే ఉందమ్మా. కానీ మావాడు అడిగిందాంట్లో కూడా న్యాయముంది. ఆ రోజుల్లో నువ్వు తోశావు. వీళ్లెందుకు తోయలేరు?"

సూపర్‌వైజరు గోడకానుకుని చేతులు కట్టుకున్నాడు. గుమ్మంలో గుమస్తా, అతని వెనక ఇద్దరు గుంట ఆడవాళ్లు. పిన్ని మోకాలి మీది చీర సర్దుకుంది. ఎప్పుడూ పక్కకు లాగి మచ్చ చూపించేది, ఈసారి కప్పుకుంది.

"నేను తోయలేదండీ" అంది. "పదకొండుసార్లు పడ్డాను. పన్నెండోసారికి నాకు తెలీకుండా వడ్రంగి తాత చక్రం జరిపాడు. అది నా బలం కాదు. ఆ తరవాత నేను నేర్పినవాళ్లంతా ఆ చక్రం మీదే నేర్చుకున్నారు. ఈ కొత్తబండ్లలో అది మళ్లీ ముందుకు పోయింది. అర్జీ పెట్టి తెప్పించింది నేనే, పాతవి తగలబెడుతుంటే చప్పట్లు కొట్టింది నేనే. తప్పు నాది. శిక్ష వాళ్లకెందుకు?"

గుమస్తా మొదటిసారి ఆమెను చూసి సొరుగు వైపు పారిపోలేదు.

చెప్పుకోదగ్గవి ఆమె చాలా చేసింది. అన్నిటికంటే బరువైనది ఇదే. దీన్ని మాత్రం ఆమె తనంతట తాను ఎవరికీ చెప్పదు.

మేనేజరుగారు వెంటనే సరేనంటారేమోనని అందరూ ఆశపడ్డారు. అనలేదు. బండ్ల కంపెనీకి ఫోన్ చేశారు. చక్రం కదిపితే పూచీ తమది కాదన్నారు వాళ్లు. "నోటీసు వెనక్కి తీసుకోవాలంటే నా చేతిలో కాగితం ఉండాలి" అన్నారాయన. "పనిముట్లు పరీక్షించే కేంద్రం ఒకటుంది, లారీలో నాలుగు గంటల దూరం. వాళ్లు బాగుందని రాసిస్తే ఇరవై నాలుగు బండ్లకూ చక్రం జరిపిస్తా, బండి వరస మీ ఆడవాళ్లకే ఉంటుంది. ఒకటో తేదీలోగా రాకపోతే నోటీసు నోటీసే."

"వాళ్లకెన్నాళ్లు పడుతుందండీ?"

"చెక్క మీద, కంకర మీద, తడిమట్టి మీద. ఒక్కోదానికి మూడేసి రోజులు. బండి అలవాటున్న మనిషే అక్కడుండి తోయాలట."

"ఎవరిని పంపుతారు?" అన్నాడు సూపర్‌వైజరు. పిన్ని అప్పటికే గుమ్మం దాటింది.

నవంబరు పదిహేడు, సోమవారం. లారీ వెనక బండిని తాళ్లతో కట్టారు. మరిది కొత్త అతుకులన్నీ ఇంకోసారి తట్టి చూశాడు. పంతులమ్మ ఆ మాట దొరికిన పేజీని కాపీ తీయించి తెచ్చిచ్చింది. "వాళ్లకి చూపించు పిన్నీ."

"పుస్తకం వాళ్లకొద్దే. కాటా చూపిస్తా. ఇది నా దగ్గరుంచుకుంటా." మడిచి రవికలో పెట్టుకుంది.

భర్త చిన్న సంచి అందించాడు. రెండు చీరలు, మోకాలికి రాసుకునే తైలం. ఆయనతో మళ్లీ మాట్లాడడం మొదలుపెట్టి వారం దాటింది. అయినా కోపం మొత్తం పోలేదు.

"అక్కడ కూడా మచ్చ చూపిస్తావా?" అన్నాడు.

"చూపిస్తా. పదకొండుసార్లు పడ్డది నేనేగా, తాత కాదుగా!"

లారీ కదిలాక ఆయన గేటు దగ్గరే నిలబడ్డాడు. పక్కన ఎనిమిదిమంది ఆడవాళ్లు, వాళ్ల ముందు ఆకుపచ్చ బండ్లు, ఇంకా ఎత్తాల్సిన ముప్పై ఎనిమిది కిలోలు.

అందరికంటే చిన్నది సుద్దముక్క తీసుకుని బండ్ల షెడ్డు తలుపు మీద, పిన్ని అక్షరాల్లా గుండ్రంగా రావాలని నాలుక బయటపెట్టి మరీ పిన్ని వచ్చే తేదీ రాసింది. ఒకటో తేదీ సోమవారం. అంతకుముందు ఆదివారం ఆఫీసుకి సెలవు, శనివారం ఒక్కపూట. పిన్ని తిరిగొచ్చేది ఆ శనివారానికి ముందురోజు, సాయంత్రం లారీకి: నవంబరు ఇరవై ఎనిమిది, శుక్రవారం.